ఇరవై నాలుగు గోళ్ల కుక్క: లుండెహుండ్ గురించి పాఠకుల ప్రశ్నలు

ఈ శీర్షికకు సాధారణంగా పాలు తగ్గిన గేదెల గురించి, పేలు పట్టిన కుక్కపిల్లల గురించి ఉత్తరాలు వస్తుంటాయి. నార్వే దేశపు ఒక చిన్న కుక్క గురించి ఓస్లో నుంచి వచ్చిన ప్రశ్నను కిందటి సంచికలో ప్రస్తావించి, జవాబు తరువాత ఇస్తానని రాసినందుకు మరికొందరు పాఠకులు కూడా అదే కుక్క గురించి అడిగారు. అందుచేత ఈ నెల పుటలను దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పశ్చిమ గోదావరి జిల్లా. ఉద్యోగరీత్యా ఓస్లోలో ఉంటున్నాము. మా పక్కింటివారికి నక్కపిల్లను పోలిన ఎర్రటి చిన్న కుక్క ఉంది. ఒకరోజు దాని పాదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే ఆరు వేళ్లు లెక్కకు వచ్చాయి. నాలుగు పాదాలకూ అంతే. మా తాతగారు ఇరవై గోళ్ల కుక్క దొరకడం అదృష్టమనేవారు. దీనికి ఇరవై నాలుగు ఉన్నాయి. ఇది లోపమా, జాతి లక్షణమా?
– ఒక పాఠకుడు, ఓస్లో

జవాబు: జాతి లక్షణమే. మీరు చూసినది లుండెహుండ్. నార్వే భాషలో ‘లుండె’ అంటే పఫిన్ అనే సముద్రపక్షి, ‘హుండ్’ అంటే కుక్క. అక్కడివారు పలికేటప్పుడు ఆ ‘డ’కారాన్ని మింగేస్తారు గనుక మీ పక్కింటివారి నోట అది ‘లున్నెహున్’ అని వినిపించి ఉంటుంది.

మీ తాతగారి లెక్కను ముందు చూద్దాము. మామూలు కుక్కకు ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి చొప్పున పద్దెనిమిది గోళ్లు ఉంటాయి. ముందు కాలి ఐదో వేలు నేలకు ఆనకుండా లోపలివైపు కొంచెం పైన ఉంటుంది. కొన్ని కుక్కలకు వెనక కాళ్లకు కూడా అటువంటి వేలు పుడుతుంది, అప్పుడు లెక్క ఇరవైకి చేరుతుంది. దానివల్ల కుక్కకు వేట నేర్పు గాని, యజమానికి అదృష్టం గాని పెరగడం నేను చూడలేదు. చాలా కుక్కలలో ఆ వెనక వేలు ఎముకతో గట్టి సంబంధం లేకుండా చర్మానికి వేలాడుతూ ఉంటుంది. నేలకు రాసుకోదు గనుక గోరు అరగక, చుట్టుకుపోయి మాంసంలోకి దిగుతుంది. అటువంటి కుక్కలను ఏడాదికి కొన్నిటినైనా కుంటుతూ మా ఆసుపత్రికి తీసుకువస్తుంటారు.

లుండెహుండ్ వేళ్లు అటువంటివి కావు. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య అయిన ఎఫ్‌సీఐ 265వ సంఖ్యతో ఈ జాతికి ప్రమాణ పత్రాన్ని ఇచ్చింది. దాని ప్రకారం ప్రతి పాదానికి కనీసం ఆరు వేళ్లు ఉండాలి, వాటిలో ముందు పాదాన ఐదు, వెనక పాదాన నాలుగు నేలకు ఆని బరువును మోయాలి. అదనపు వేళ్లకు సొంత ఎముకలు, కీళ్లు, కండరాలు ఉన్నాయి. పక్కింటివారు అనుమతిస్తే ఈసారి లోపలివైపు వేలిని మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా పట్టి చూడండి, ఎముక గట్టితనమూ కీలు దగ్గర మడతా చేతికి తెలుస్తాయి. పాదాన్ని తిరగేస్తే కింది మెత్తలు కూడా మామూలు కుక్కకు ఉన్నవాటి కంటే ఎక్కువగా కనిపిస్తాయి. తడిసిన బండల మీద, నిటారైన కొండవాలు మీద జారకుండా నిలదొక్కుకోవడానికి ఆ వేళ్లూ మెత్తలూ అక్కరకు వచ్చేవి.

ప్రశ్న: లుండెహుండ్ మంచుయుగం నాటి నుంచి మార్పు లేకుండా వస్తున్న ఆదిమ జాతి అని, మిగతా కుక్కలతో దానికి సంబంధమే లేదని ఒకచోట చదివాను. ఇది ఎంతవరకు నిజం? దాని అసలు పుట్టుక ఎక్కడ?
– ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మంచుయుగం కథ వినడానికి బాగుంటుంది, అందుకే అంతగా వ్యాపించింది. ఈ కుక్కలలో చాలావాటికి ముందు దవడ పళ్లలో ఒకటి రెండు లోపించి ఉంటాయి. ఉత్తర నార్వేలో దొరికిన ఒక ప్రాచీన కుక్క అవశేషంలోనూ అటువంటి లోపమే కనిపించిందని, కాబట్టి ఇవి రెండూ ఒకే ఆదిమ వంశానివని కొందరు ఊహించారు. అయితే జన్యు పరీక్షలలో లుండెహుండ్ ఉత్తర ఐరోపా స్పిట్జ్ కుక్కల సరసనే చేరింది. చెవులు నిక్కబొడుచుకుని, తోక వీపు మీదికి తిరిగి ఉండే స్పిట్జ్ వర్గం మనకు కొత్తది కాదు. మన ఊళ్లలో బొచ్చున్న ప్రతి తెల్ల కుక్కనూ పొమేరియన్ అనే పిలుస్తాము గాని, వాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. ఆ విధంగా లుండెహుండ్‌కు మన వీధిలోనే దూరపు చుట్టాలు ఉన్నారు.

నమ్మదగిన చరిత్ర 16వ శతాబ్దం నుంచి దొరుకుతుంది. ఉత్తర నార్వే తీరంలోని లోఫోటెన్ ప్రాంతంలో రాజోద్యోగిగా పనిచేసిన ఎరిక్ హాన్సెన్ షోనెబోల్ 1591లో ఆ సీమ గురించి రాస్తూ, వేరోయ్ ద్వీపంలో పఫిన్లను బొరియల నుంచి పట్టడానికి కుక్కలను వాడే పద్ధతిని వివరించాడు.

ఆ ద్వీపాన్ని కొంచెం ఊహించుకుంటే తప్ప ఈ కుక్క అర్థం కాదు. వేరోయ్ ఆర్కిటిక్ వృత్తానికి ఉత్తరాన, లోఫోటెన్ దీవుల వరుసలో దాదాపు చివరన ఉంటుంది. దానికీ పైనున్న మోస్కెనెస్ దీవికీ మధ్య మోస్క్‌స్ట్రౌమెన్ అనే భయంకరమైన సుడిప్రవాహం ఉంది, పూర్వం నావికులు దాని పేరు చెబితేనే వణికేవారు. సముద్రపు వెచ్చని ప్రవాహం వల్ల శీతకాలంలో కూడా సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది గాని, గాలికీ వానకీ లోటుండదు. ద్వీపానికి నైరుతి మూలన, కొండకూ సముద్రానికీ నడుమ ఇరుక్కున్న మోస్టాడ్ అనే పల్లెకు బండిదారి ఎన్నడూ పడలేదు. కాడ్ చేపలతో పాటు ఆ పల్లెవారికి ఆధారం పఫిన్లే: మాంసాన్ని ఉప్పులో ఊరవేసి చలికాలానికి దాచుకునేవారు, ఈకలను అమ్ముకునేవారు.

పఫిన్ అర కిలో బరువుండే పక్షి. వసంతకాలంలో ఒడ్డుకు వచ్చి, కొండవాలు మట్టిలోనో బండల సందుల్లోనో బొరియ చేసుకుని, ఒకే ఒక గుడ్డు పెడుతుంది. ఆ బొరియ మీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ లోతు ఉండి వంకరలు తిరిగి ఉంటుంది, మనిషి చెయ్యి పెడితే అందదు. అందులోకి దూరేంత చిన్నదిగా, చీకట్లో పక్షిని పట్టేంత చురుకైనదిగా, ప్రాణంతో బయటికి తెచ్చి యజమాని చేతిలో పెట్టేంత మెలకువ గలదిగా ఒక కుక్క కావలసి వచ్చింది. మంచి కుక్క ఒక్క రాత్రిలో డెబ్బై, ఎనభై పక్షులను తెచ్చేదని, దాని విలువ పాడి ఆవుతో సమానమని అక్కడ చెప్పుకుంటారు. పాడి ఆవుతో పోల్చి విలువ కట్టడమంటే ఏమిటో మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

19వ శతాబ్దంలో పఫిన్లను వలలతో పట్టడం మొదలైంది. వలకు తిండి పెట్టనక్కరలేదు, కుక్కకు పన్ను కూడా కట్టవలసి వచ్చేది. దానితో ఒక్కొక్క ఊరిలో కుక్కలు తగ్గిపోతూ వచ్చి, చివరికి మోస్టాడ్‌లో మాత్రమే మిగిలాయి. దారి లేకపోవడమే ఆ పల్లెలో ఈ జాతిని కాపాడిందని నేననుకుంటాను.

సిగుర్ద్ స్కౌన్ అనే ఆయన 1925లో ఈ కుక్కల గురించి ఒక వ్యాసం రాశారు. దక్షిణ నార్వేలోని హామర్ సమీపంలో కుక్కలను పెంచే ఎలియనోర్ క్రిస్టీ దానిని చదివి, వాటి కోసం ప్రయత్నించగా, మోస్టాడ్ వాసి మోన్రాడ్ మోస్టాడ్ 1939లో ఆమెకు నాలుగు పిల్లలను పంపారు. హిల్డ్, లిద్, ఉర్ద్ అనే మూడు ఆడవి, ఆస్క్ అనే ఒక్క మగది. 1943లో నార్వే కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించేనాటికి ఆమె దగ్గర సుమారు 60 కుక్కలు ఉన్నాయి. అదే రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేరోయ్‌లో డిస్టెంపర్ అనే అంటువ్యాధి వచ్చి కుక్కలను తుడిచిపెట్టేసింది. క్రిస్టీ తన కుక్కలలో కొన్నిటిని ద్వీపానికి పంపి అక్కడ మళ్లీ జాతిని నిలబెట్టే ప్రయత్నం చేశారు. 1944లో డిస్టెంపర్ ఆమె ఇంటికే వచ్చింది. ఆస్క్ తప్ప ఆమె కుక్కలన్నీ చనిపోయాయి. ఆ తరువాత ద్వీపం నుంచే తిరిగి కుక్కలు తెప్పించుకుని ఆమె మొదటి నుంచి మొదలుపెట్టారు. 1963లో మూడోసారి అదే వ్యాధి రాగా, వేరోయ్‌లో ఒకటి, దక్షిణాన ఐదు, మొత్తం ఆరు కుక్కలు మాత్రమే మిగిలాయి. ఆ ఐదూ ఒకే తల్లి పిల్లలు. 2010 నాటికి ప్రపంచమంతటా సుమారు 1,400 లుండెహుండ్‌లు ఉన్నట్లు అంచనా, అవన్నీ ఆ ఆరింటి సంతతే.

ప్రశ్న: వేళ్లు కాక, ఆకారంలో దాని ప్రత్యేకతలేమిటి? మెడను వెనక్కి వంచి తలతో వీపును తాకగలదంటున్నారు. నమ్మశక్యంగా లేదు.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: నమ్మవచ్చు. బొరియలో ఉన్న కుక్కను తలుచుకుంటే కారణం కూడా తెలుస్తుంది. శరీరం పట్టేంత సందులో దూరిన కుక్కకు వెనుదిరగడానికి చోటుండదు. లుండెహుండ్ మెడ ఎంత సాగుతుందంటే, నుదురు వెన్నెముకకు ఆనేంతవరకు తలను వెనక్కి వంచగలదు, తల ఎటు తిరిగితే ఒళ్లు అటు మళ్లుతుంది. భుజాల కీళ్లు కూడా అంతే వదులుగా ఉండి, ముందు కాళ్లు రెండూ మనం చేతులు బారచాపినట్లు పక్కలకు తిన్నగా చాచుకుంటాయి. కాలు జారితే నాలుగు కాళ్లనూ చాచి పొట్టను నేలకు ఆన్చి పట్టు చిక్కించుకోవడానికి, ఇరుకు సందులో చేతులతో పాకినట్లు ముందుకు జరగడానికి ఇది ఉపకరిస్తుంది. నిక్కబొడుచుకుని ఉండే త్రికోణపు చెవులను ముందుకో వెనక్కో మడిచి చెవి రంధ్రాన్ని మూసుకోగలదు. మట్టి, నీరు లోపలికి పోకుండా ఇది పనికివచ్చేదని పెంపకందారులు చెబుతారు.

ఇక పరిమాణం. మూపు దగ్గర మగ కుక్క 35 నుంచి 38 సెంటీమీటర్లు, ఆడది 32 నుంచి 35 సెంటీమీటర్లు ఎత్తు ఉంటుంది. బరువు మగదానికి సుమారు ఏడు కిలోలు, ఆడదానికి ఆరు. వెంట్రుకలు పైన గరుకుగా, లోపల మెత్తని ఒత్తు పొరగా ఉంటాయి. ఎక్కువ కుక్కలు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉండి, వెంట్రుకల కొసలు నల్లగా, మెడ, ఛాతీ, పాదాల వద్ద తెలుపుగా ఉంటాయి. వయసు వచ్చేకొద్దీ ఆ నలుపు ముదురుతుంది. తెలుపు మీద ముదురు మచ్చలున్నవి కూడా ప్రమాణానికి లోబడినవే. కళ్లు పసుపు కలిసిన గోధుమ రంగువి. నడిచేటప్పుడు ముందు కాళ్లను కొంచెం బయటికి తిప్పుతూ వేస్తుంది. తెలియనివారు చూస్తే కాలికి దెబ్బ తగిలిందనుకుంటారు గాని, ఆ కుక్క నడకే అది.

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి ఈ కుక్క ఫొటోలు చూసి, ఎలాగైనా ఒకటి తెప్పించమని పట్టుబట్టింది. మేము అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటాము. స్వభావం ఎటువంటిది? హైదరాబాద్‌లో పెంచవచ్చునా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: స్వభావం చెబుతాను, ఆ తరువాత మీ అమ్మాయే ఆలోచించుకుంటుందమ్మా. ఇది ఉత్సాహం గల కుక్క, ఇంటివారితో ఆప్యాయంగా ఉంటుంది, కయ్యానికి కాలు దువ్వదు. కొత్తవారిని చూస్తే మాత్రం వెనక్కి తగ్గి, దూరం నుంచి అరుస్తుంది. పిల్లగా ఉన్నప్పుడే నలుగురికీ, రకరకాల చప్పుళ్లకూ అలవాటు చేయకపోతే ఆ బెదురు జీవితాంతం ఉండిపోతుంది. మాట వినడం విషయంలో జర్మన్ షెపర్డ్‌తో పోల్చుకుని ఆశ పెట్టుకోవద్దు. గొర్రెల మంద దగ్గర పనిచేసే కుక్క ప్రతి అడుగుకూ కాపరి ఈల కోసం చూస్తుంది. చీకటి బొరియలో మీటరు లోతున ఉన్న కుక్కకు ఈల వేసేవారు లేరు, ఎటు మళ్లాలో, పక్షిని ఎలా పట్టాలో తనకు తానే నిర్ణయించుకోవాలి. తరతరాలుగా అటువంటి స్వతంత్ర బుద్ధి గల వాటినే ఎంచి పెంచారు గనుక, పిలవగానే రాకపోతే దానిని మొండితనమని తిట్టడం న్యాయం కాదు.

పెంచేవారందరూ ఒప్పుకునే చిక్కు ఒకటుంది. ఇంట్లో మలమూత్రాలు చేయకుండా దీనికి నేర్పడం చాలా కష్టం, కొన్ని కుక్కలు ఎన్నటికీ పూర్తిగా నేర్చుకోవు. తవ్వడం, ఎక్కడం, తిండిని సోఫా సందుల్లో దాచిపెట్టడం దీనికి సరదాలు. మూడో అంతస్తు బాల్కనీ కమ్ముల మధ్య ఖాళీ ఎంత ఉందో ఒకసారి తలుచుకుంటే, ఇరుకు సందుల్లో దూరడానికే పుట్టిన కుక్కను అక్కడ ఉంచాలని మీకు అనిపించదు.

హైదరాబాద్ వేసవి సంగతి నేను చెప్పనక్కరలేదు. రెండు పొరల వెంట్రుకలతో, చల్లని సముద్రపు గాలికి అలవాటైన జాతిని పగలూ రాత్రీ ఏసీ గదిలో బంధించడం దానికి శిక్షే. అంతకంటే ముఖ్యమైన కారణం తరువాతి జవాబులో ఉంది. మీ అమ్మాయికి నిక్కబొడుచుకున్న చెవులు, నక్క ముఖం నచ్చి ఉంటే, మన ఇండియన్ స్పిట్జ్ పిల్లను గాని, వీధిలో తల్లి లేని ఒక పిల్లను గాని తెచ్చుకోమనండి.

ప్రశ్న: ఆరు కుక్కల నుంచి వచ్చిన జాతి కదా, రక్తసంబంధం వల్ల జబ్బులు రావా?
– ఒక పశువైద్య విద్యార్థిని, తిరుపతి

జవాబు: వస్తాయి, వస్తున్నాయి. మన సమాజంలో మేనరికాల గురించి వైద్యులు ఎందుకు హెచ్చరిస్తారో మీకు తెలుసు. ఇక్కడ జరిగినది మేనరికం కంటే చాలా దగ్గరి సంబంధం, తోబుట్టువుల మధ్య, వారి పిల్లల మధ్య తరాల తరబడి జరిగిన కలయిక. వేరే దారి లేక చేసిన పని అది. ఫలితంగా ఈనాడు ఏ రెండు లుండెహుండ్‌లను తీసుకున్నా వాటి జన్యువులలో తేడా అత్యల్పం.

దీని వల్ల వచ్చే ప్రధాన సమస్య పేగులది. పేగు గోడలోని శోషరస (లింఫ్) నాళాలు ఉబ్బి, రక్తంలోని మాంసకృత్తులు పేగులోకి కారిపోతాయి. ఈ జాతిలో ఎంత తరచుగా కనిపిస్తుందంటే ‘లుండెహుండ్ సిండ్రోమ్’ అనే పేరే స్థిరపడింది. తెరలు తెరలుగా వచ్చే విరేచనాలు, వాంతులు, బరువు తగ్గడం, రక్తంలోని అల్బుమిన్ అనే మాంసకృత్తి పడిపోయినప్పుడు పొట్టలో నీరు చేరడం, కాళ్లు వాయడం దీని లక్షణాలు. బీ12 విటమిన్ కూడా పడిపోతుంది. పొట్టలోపలి పొర క్షీణించి, కొన్నిటిలో జీర్ణాశయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. కొవ్వు తక్కువగా, తేలికగా అరిగే మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారం, బీ12 ఇంజెక్షన్లు, అవసరమైతే స్టెరాయిడ్లు ఇచ్చి అదుపులో ఉంచుతారు గాని, పూర్తిగా నయం చేసే మందు లేదు. అన్ని కుక్కలూ జబ్బు పడవు, ఏ లక్షణం లేకుండా ముసలితనం చూసినవి కూడా ఉన్నాయి. అయితే ఈ జాతిలో ఈతకు పుట్టే పిల్లల సంఖ్య కూడా తక్కువే, రెండు మూడు పిల్లలతో ఈత ముగియడం మామూలు.

1962లో ఏర్పడిన నార్వే లుండెహుండ్ క్లబ్ చాలాకాలం జాతిని కల్తీ లేకుండా నిలపడం మీదే దృష్టి పెట్టింది. ఆ దారిలోనే వెళితే జాతి తనంతట తానే ఆగిపోతుందని తేలాక, 2010వ దశకంలో వేరే జాతులతో కలిపే పథకం మొదలుపెట్టారు. నార్వేకే చెందిన బూహుండ్, ఐస్‌లాండ్ గొర్రెల కుక్క, స్వీడన్‌కు చెందిన నోర్‌బోటెన్ స్పిట్జ్, ఈ మూడింటినీ ఎంచుకున్నారు. మూడూ ఉత్తరాది స్పిట్జ్‌లే. అలా పుట్టిన పిల్లలను తిరిగి లుండెహుండ్‌లతో జతపరుస్తూ, కొత్త రక్తాన్ని నిలుపుకుంటూనే పాత లక్షణాలను రాబట్టాలన్నది ఆలోచన. ‘శుద్ధి’ పోయిందని బాధపడేవారు అక్కడా లేకపోలేదు. వైద్యునిగా నా ఓటు మాత్రం ఆరోగ్యంగా పుట్టే పిల్లకే, దాని వంశవృక్షంలో బూహుండ్ ఉన్నా సరే.

ఈ జాతిని పెంచేవారికి ప్రతి కుక్కా ఎందుకు లెక్కకు వస్తుందో ఇప్పుడు తెలిసింది కదా. హైదరాబాద్ పాఠకురాలికి నేను చెప్పదలచిన కారణం ఇదే: ఇక్కడికి ఒక్క కుక్క వచ్చినా అది ఆ చిన్న సంతతి నుంచి తగ్గినట్లే.

ఒక మాట మీ చదువుకు పనికివస్తుందని చెబుతున్నాను. ఆ జాతిని మూడుసార్లు దెబ్బకొట్టిన డిస్టెంపర్ మన తిరుపతిలోనూ, ప్రతి ఊళ్లోనూ వీధికుక్కల మధ్య తిరుగుతూనే ఉంది. యుద్ధకాలంలో వారికి టీకా అందుబాటులో లేదు. ఇప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి మోతాదు వేయించే వీలు మన దగ్గర ఉంది, అయినా ముక్కు కారుతూ, కాలు అదురుతూ వచ్చే పిల్లలు తగ్గడం లేదు.

ప్రశ్న: ఈ కుక్కలు ఇప్పటికీ పఫిన్లను వేటాడుతున్నాయా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: లేదు. నార్వేలో పఫిన్ వేట ఇప్పుడు నిషిద్ధం. వేరోయ్‌కి పొరుగునున్న రోస్ట్ దీవుల్లో పఫిన్ల సంఖ్య 1979 తరువాత నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. పిల్లలకు మేపడానికి హెర్రింగ్ చేపపిల్లలు దొరకని సంవత్సరాలలో గూళ్లన్నీ ఒకేసారి విఫలమవుతాయి. లుండెహుండ్‌లు ఇళ్లలో పెంపుడు కుక్కలుగానే ఉంటున్నాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2011లో వీటిని గుర్తించినప్పుడు కూడా వేటకుక్కల వర్గంలో చేర్చలేదు.

పాత పనికి దగ్గరి పని ఒకటి మాత్రం ఒక లుండెహుండ్‌కు దొరికింది. ఉత్తర నార్వేలోని ట్రోమ్సో విమానాశ్రయంలో పక్షులు విమానాలకు తగలకుండా చూడటానికి, రన్‌వే చుట్టుపక్కల గడ్డిలో పక్షులు పెట్టిన గుడ్లను వెతికించడానికి దానిని తిప్పారు. గుడ్లు ఎక్కడున్నాయో అది వాసన పట్టి చూపిస్తే, సిబ్బంది వాటిని తీసివేసేవారు.